తాల్ముద్ చదువు: అడ్డు చెప్పే మనిషి దొరికితేనే

యూదుల చట్ట చర్చల మహాగ్రంథం తాల్ముద్ ఒక్కరే కూర్చుని చదువుకునే పుస్తకం కాదు. కొన్నేళ్లుగా చదువుతున్నాక నేను ధీమాగా చెప్పగలిగింది ఈ ఒక్క మాటే. ఏ అనువాదం మంచిది, దాని పాత భాష అరమాయిక్ ఎంత రావాలి, వారానికి ఎన్ని గంటలు పెట్టాలి అన్నవి ఎవరి వీలును బట్టి వాళ్లకి మారతాయి. ఎదురుగా ఒక మనిషి కూర్చుని "ఆగు, అదెలా కుదురుతుంది?" అని అడ్డు తగలకపోతే మాత్రం ఈ చదువు ఒంటబట్టదు. యూదులు దీన్ని హవ్రూతా అంటారు. ఇద్దరు జతగా కూర్చుని, పైకి చదువుతూ, ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు గుచ్చి గుచ్చి అడుగుతూ సాగే చదువు. నేను రాసేది ముఖ్యంగా దాని గురించే. మిష్నా ఎప్పటిది, గెమారా అంటే ఏమిటి, బాబిలోను తాల్ముద్‌కీ యెరూషలేము తాల్ముద్‌కీ తేడా ఏమిటి లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. మిష్నా పాత చట్టాల సంకలనం, గెమారా దాని మీద పండితుల చర్చ అని తెలిస్తే ఇక్కడికి చాలు. నేను చదివేది బాబిలోనుది.

నా సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే నా అభిప్రాయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. మాది తెనాలి. ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. ఎడిసన్‌ని ఆనుకునే హైలాండ్ పార్క్ అని చిన్న ఊరు ఉంది. శనివారం పొద్దున్న అటు వెళితే పిల్లాపాపలతో కుటుంబాలకు కుటుంబాలు సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థన మందిరానికి, నడిచి వెళుతూ కనిపిస్తాయి, సబ్బాతు రోజు కారు ఎక్కరు కాబట్టి. నేను యూదురాలిని కాను, మతం మారే ఉద్దేశమూ లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రయీం అనే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి. నేను ఈ చదువు గురించి చెప్పగానే మా వైపు వాళ్లు "మీరూ వాళ్లేనా?" అని అడుగుతుంటారు. కాదు. చిన్నప్పుడు మా తాతగారు అరుగు మీద కూర్చోబెట్టుకుని మగపిల్లలకి తర్కం చెప్పేవారు. పూర్వపక్షం అంటూ ఎదుటివాడి వాదాన్ని ముందు పూర్తిగా నిలబెట్టి, ఆ తర్వాతే సిద్ధాంతానికి వచ్చే ఆ పద్ధతి తలుపు వెనక నుంచి విని విని నాకు ఇష్టమైపోయింది. తాల్ముద్‌లో పేజీ పేజీకీ అదే పద్ధతి ఉందని తెలిసి ఇటు వచ్చాను.

మొదట రోజుకో ఆకు పద్ధతిలో చేరాను. దాన్ని దఫ్ యోమీ అంటారు. పోలండ్‌కి చెందిన రబ్బీ (యూదు మతగురువు) మేయర్ షపీరో 1923లో వియన్నాలో జరిగిన సభలో దీన్ని ప్రతిపాదించారు. మొత్తం 2,711 ఆకులు, రోజుకి ఒకటి, ఏడున్నరేళ్లలో పూర్తి. ప్రపంచంలో ఎక్కడున్నా అందరూ ఒకే రోజు ఒకే ఆకు చదువుతారు. 2020 జనవరి 5న 14వ విడత మొదలైంది. ఆ ఆలోచన మీద నాకు చాలా గౌరవం ఉంది. న్యూయార్క్ రైల్లో ఎదుటి సీటులో కూర్చున్నాయన చేతిలో నేను పొద్దున్న చదివిన ఆకే తెరిచి ఉండడం చూసినప్పుడు ఒళ్లు పులకరించింది.

కానీ నేను పట్టుకున్న రికార్డింగ్ క్లాసుతో ఆ చదువు నాకు చదువులా అనిపించలేదు. ఆ పాఠం చెప్పేవారు మంచి పండితులే. ప్రశ్న ఆయనే వేసి, మనం ఊపిరి తీసుకునేలోపు జవాబూ ఆయనే చెప్పేసేవారు. జవాబు చెవిన పడ్డాక ఆ ప్రశ్న ఎంత పెద్దదో ఇక తెలియదు. వంటింట్లో కూరలు తరుగుతూ వినేదాన్ని. సాయంత్రానికి "ఇవాళ ఏం చదివావు?" అని మా ఆయన అడిగితే "ఏదో ఎద్దు, ఏదో గొయ్యి" అనేదాకా వచ్చింది. నెలలు గడిచేకొద్దీ ఆకులు తిరగేస్తున్నానే గానీ ఒక్క వాదమూ మొదటి నుంచి చివరిదాకా నాది కాలేదు.

ఇంగ్లీషు అనువాదం గురించి కూడా ఒక మాట. సెఫారియా అనే యాప్‌లో అడిన్ స్టైన్‌సాల్ట్స్ వివరణతో కూడిన ఇంగ్లీషు తాల్ముద్‌ని 2017 నుంచి ఉచితంగా పెట్టారు. వాక్యం మీద వేలు పెడితే దాని మీద ఏ కాలంలో ఎవరేం రాశారో పక్కన వరసగా తెరుచుకుంటుంది. పైసా ఖర్చు లేదు. నాలాంటి వాళ్లు ఈ గడప తొక్కగలిగింది అలాంటి వాటి వల్లే. అయితే అనువాదం ఏదైనా, ఎవరు చేసినా, పాఠకుడికి అర్థం కావాలి కాబట్టి మధ్యలో మాటలు కలుపుకుంటూ పోతుంది. మూలంలో అరమాయిక్ పొడి పొడిగా ఉంటుంది. కామా లేదు, ప్రశ్న గుర్తు లేదు, అచ్చుల గుర్తులూ లేవు. ఈ వాక్యం అడుగుతోందా చెబుతోందా, మాట్లాడుతున్నది ఇందాకటి మనిషేనా వేరొకరా అన్నది మనమే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే సగం చదువు ఉంది. అనువాదం అది మన తరఫున చేసి పెట్టేస్తుంది. ఒంటరిగా చదివినంత కాలం నాకు ఎక్కడా ఏ చిక్కూ కనపడకపోవడానికి అదే కారణం.

ఇక హవ్రూతా. హైలాండ్ పార్క్‌లో పెద్దవాళ్ల కోసం వారానికోసారి నడిచే తరగతిలో మమ్మల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టారు. నాకు జత పడినావిడ నాకన్నా చాలా పెద్ద, మందుల షాపు నడిపి రిటైరయ్యారు. నికార్సైన సంప్రదాయ కుటుంబంలో పుట్టారు. అన్నదమ్ములు చిన్నప్పటి నుంచి గెమారా చదువుతుంటే ఆవిడకి మాత్రం బైబిలు, ప్రార్థనలు, ఇంటి ఆచారాలతో సరిపెట్టారట. కాబట్టి ఈ పేజీ ముందు ఇద్దరం కొత్తవాళ్లమే. హీబ్రూ ఆవిడకి వచ్చు, అరమాయిక్ రాదు. నాకు రెండూ రావు, అప్పటికి అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటున్నాను. ఇద్దరిలో ఒకరు పండితులైతే తప్ప లాభం లేదని చాలామంది అంటారు. నా అనుభవం వేరు.

మేము మొదలుపెట్టింది తాల్ముద్‌లోని బావా మెత్సియా అనే గ్రంథంలో రెండో అధ్యాయం, దొరికిన వస్తువుల చట్టం. ఏది దొరికితే ఉంచేసుకోవచ్చు, ఏది దొరికితే చాటింపు వేసి సొంతదారుని వెతకాలి అన్నది విషయం. మిష్నాలో మొదటి వస్తువు చెల్లాచెదురుగా పడి ఉన్న పంట. అది దొరికినవాడిదే. వెంటనే గెమారా అడుగుతుంది: ఎంత పడి ఉంటే? రబ్బీ యిత్సహాక్ జవాబు: నాలుగు మూరల మేర ఒక కవ్. కవ్ అంటే అప్పటి ఒక కొలత. గెమారా ఊరుకోదు. జారి పడినట్టు ఉంటే ఇంకా ఎక్కువున్నా తీసుకోవచ్చు కదా, కావాలని పెట్టి వెళ్లినట్టు ఉంటే ఇంకా తక్కువున్నా ముట్టుకోకూడదు కదా, మరి ఈ లెక్క ఎందుకు? దానికి రబ్ ఉక్వా బర్ హామా చెప్పింది: ఇది కళ్లం దగ్గర సంగతి. నూర్చిన పంట ఎత్తుకుపోయాక నాలుగు మూరల నేల మీద ఒక కవ్ గింజలు చెదిరి ఉంటే, కూర్చుని ఏరడానికి పడే శ్రమ ఎక్కువ, కాబట్టి యజమాని వాటి మీద ఆశ వదిలేసుకుంటాడు. అంతకన్నా దగ్గరగా ఉంటే తిరిగొచ్చి ఏరుకుంటాడు.

ఇది చదవగానే నాకు మా ఊరి పొలాలు కళ్ల ముందుకొచ్చాయి. కోతలయ్యాక పరిగె ఏరుకునే ఆడవాళ్ల గురించి ఆవిడకి చెప్పాను. మోపులు లేచిపోయాక చేలో రాలిన కంకుల కోసం ఏ ఆసామీ వెనక్కి రాడు, ఎవరు ఏరుకున్నా కాదనడు, రబ్ ఉక్వా చెబుతున్నది సరిగ్గా ఇదే అన్నాను. చాలా సంతోషంగా అన్నాను. ఆవిడ పెన్సిలు కింద పెట్టి "అయితే అది ఆశ వదులుకోవడమా, దానమా?" అన్నారు.

నేను ఆగిపోయాను. ఆవిడ వివరించారు. పేదల కోసం పొలంలో రాలిన కంకులు వదిలేయాలన్నది లేవీయకాండంలోని ఆజ్ఞ, దానికి వేరే చట్టం, వేరే పుస్తకం ఉంది. అక్కడ ఆ గింజలు మొదటి నుంచీ పేదవాడి హక్కు. ఇక్కడ రబ్ ఉక్వా అడిగేది పూర్తిగా వేరు. సొత్తు ఇంకా యజమానిదే, ఎవరికీ ఇవ్వలేదు, ఏరే శ్రమ పడలేక మనసులో "పోతే పోనీ" అనుకున్నాడు. ఆ "పోతే పోనీ" తోనే దాని మీద అతని హక్కు జారిపోతుందా? మీ ఊరి ఆసామీ మనసులో ఏముంది, "పాపం ఏరుకోనీ" అనా, "ఎవడు ఏరతాడులే" అనా? నేను వెంటనే ఒప్పుకోలేదు. మా ఊళ్లో పరిగె ఎవరికీ హక్కుగా రాసివ్వలేదు, గొడవైతే పంచాయతీలో గెలిచేది ఆసామీయే, కాబట్టి అది దానం కన్నా రబ్ ఉక్వా కళ్లానికే దగ్గర అన్నాను. "మరి పోనీ అనుకున్నాక మర్నాడు మనసు మార్చుకుంటే?" అన్నారు ఆవిడ. ఆ సాయంత్రం మేము చదివింది నిండా నాలుగు వాక్యాలు. కానీ ఆస్తి అంటే ఏమిటి, అది కాగితంలో ఉంటుందా చేతిలో ఉంటుందా మనసులో ఉంటుందా అన్న ప్రశ్న అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాతి వాక్యాలలోనే రబ్బీ యిర్మియా వస్తాడు. ఆయన ప్రశ్నలంటే నాకు ప్రాణం. రెండు మూరల్లో అర కవ్ ఉంటే? శ్రమ తగ్గింది కాబట్టి యజమాని ఆశ వదలడా, సరుకూ తగ్గింది కాబట్టి వదిలేస్తాడా? ఎనిమిది మూరల్లో రెండు కవ్‌లు ఉంటే? నువ్వులైతే? ఖరీదైనవి కాబట్టి వదలడా, ఏరడం చావుగా ఉంటుంది కాబట్టి వదిలేస్తాడా? ఖర్జూరాలైతే? దానిమ్మలైతే? గెమారా వీటిలో ఒక్కదానికీ జవాబు ఇవ్వదు. తేకూ, అంటే ఉండనీ అని చెప్పి ముందుకు పోతుంది. బావా బత్రా అనే ఇంకో గ్రంథంలో ఇదే రబ్బీ యిర్మియా ఇంకో ప్రశ్న వేస్తాడు. పావురాల గూటికి 50 మూరల లోపల దొరికిన పావురం పిల్ల గూటి యజమానిది, అవతల దొరికితే దొరికినవాడిది అంటే, ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉంటే ఎవరిది అని. ఆ ప్రశ్నకే ఆయన్ని బడి నుంచి వెళ్లగొట్టారు. మళ్లీ చేర్చుకున్న కథ అదే గ్రంథంలో చాలా దూరం వెళ్లాక వస్తుంది. అర కవ్ గురించి రెండు వైపులా వాదించి గొంతు బొంగురుపోయిన మాకు ఆయన సొంత మనిషిలా అనిపించాడు. రికార్డింగ్ క్లాసులో ఈ భాగం ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, నువ్వుల దగ్గర నుంచి దానిమ్మల దాకా ఒక్క గుక్కలో అయిపోతుంది.

అలా సాగుతున్న చదువుకి గండి పడింది. ఆవిడ మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, కోలుకోవడానికి ఫ్లోరిడాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లారు. తరగతివాళ్లు నాకు ఇంకొకరిని జత చేశారు. చాలా చదువుకున్న మనిషి, ఎంతో మర్యాదస్తురాలు. పాత వ్యాఖ్యాత రాషీ ఏమన్నాడు, తోసఫోత్ అనే వ్యాఖ్యలు ఏమన్నాయి, చట్ట పండితుడు మైమోనిడీస్ ఎలా తీర్పు ఇచ్చాడు, అన్నీ నాలుక చివర ఉండేవి. నేను ఏది అన్నా "అవును, బాగా చెప్పావు, ఫలానా చోట ఫలానా వ్యాఖ్యాత కూడా ఇదే అన్నాడు" అనేవారు. కొత్తవాళ్లని ప్రోత్సహించాలన్న మంచి మనసుతోనే అనేవారు. వారాలు గడిచాయి. పుస్తకం బల్ల మీద ఉంది, పండితురాలు ఎదురుగా ఉన్నారు, నా నోట్‌బుక్కు మాత్రం ఖాళీగా ఉంది. ఎందుకో మొదట అంతు పట్టలేదు. తర్వాత అదే బావా మెత్సియాలో 84వ ఆకు చదివాక అంతు పట్టింది.

ఆ కథ తెలియనివాళ్ల కోసం చెబుతాను. రేష్ లకీష్ ఒకప్పుడు బందిపోటు. రబ్బీ యోహనాన్ యోర్దాను నదిలో స్నానం చేస్తుంటే ఆయన్ని చూసి నదిలోకి దూకాడు. "నీ బలం తోరాకి పనికొస్తుంది" అన్నాడు రబ్బీ యోహనాన్. తోరా అంటే యూదుల ధర్మశాస్త్రం. "నీ అందం ఆడవాళ్లకి పనికొస్తుంది" అన్నాడు ఇతను. "నీ దారి మార్చుకుంటే నాకన్నా అందగత్తె అయిన నా చెల్లెలిని ఇచ్చి పెళ్లి చేస్తాను" అన్నాడు ఆయన. ఒప్పుకున్నాడు. చదువుకుని మహా పండితుడయ్యాడు. ఒకరోజు బడిలో కత్తి, బాకు, బల్లెం లాంటివి ఏ దశలో పూర్తయిన వస్తువులుగా లెక్కకొస్తాయన్న చర్చ వచ్చింది. మైల సోకే చట్టం అప్పటి నుంచి వర్తిస్తుంది కాబట్టి అది తేలాలి. కొలిమిలో కాల్చినప్పుడు అన్నాడు రబ్బీ యోహనాన్. నీళ్లలో ముంచి మెరుగు పెట్టినప్పుడు అన్నాడు రేష్ లకీష్. రబ్బీ యోహనాన్ నోరు జారాడు: "దొంగకి దొంగతనం పని బాగా తెలుస్తుంది." ఆ మాటతో ఇద్దరి మనసులూ విరిగిపోయాయి. రేష్ లకీష్ మంచం పట్టాడు. చెల్లెలు వచ్చి ఏడ్చినా, పిల్లల మొహం చూడమని బతిమాలినా రబ్బీ యోహనాన్ కరగలేదు. రేష్ లకీష్ చనిపోయాడు.

అప్పుడు రబ్బీ యోహనాన్ కుంగిపోయాడు. ఆయన మనసు కుదుటపరచమని తోటి పండితులు ఎలాజర్ బెన్ పెదాత్‌ని పంపారు, చురుకైన పండితుడని. ఆయన ఏది చెప్పినా ఇతను "మీ మాటకి ఆధారం ఫలానా చోట ఉంది" అనేవాడు. రబ్బీ యోహనాన్ విసిగిపోయి అన్నది ఇది: నువ్వు లకీష్ కొడుకులాంటివాడివా (రేష్ లకీష్‌నే అలా అంటాడు)? నేనొక మాట అంటే అతను 24 అభ్యంతరాలు చెప్పేవాడు, నేను 24 జవాబులు ఇచ్చేవాణ్ని, చట్టం దానంతట అదే విస్తరించేది. నువ్వేమో ఆధారం ఉందంటావు. నేను సరిగ్గా చెబుతున్నానని నాకు తెలియదా? అని బట్టలు చించుకుంటూ, లకీష్ కొడుకా ఎక్కడున్నావు అని తిరిగి తిరిగి చివరికి మతి తప్పాడు. పండితులు అతని మీద దయ చూపమని ప్రార్థించారు, ప్రాణం పోయింది.

ఈ ఆకు చదివాక నేను మంచివాళ్ల మీద ఫిర్యాదు చేస్తున్నానేమో అన్న బెంగ పోయింది. నా జత మనిషికి ఫోన్ చేసి "ఫ్లోరిడా నుంచే వీడియోలో కూర్చుందాం" అన్నాను. ఆవిడ కాలు దిండు మీద పెట్టుకుని కూర్చునేవారు. ఇక్కడ పాత అచ్చు పుస్తకాల మహిమ ఒకటి చెప్పుకోవాలి. 1520లలో వెనిస్‌లో డానియెల్ బోంబెర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు తాల్ముద్ మొత్తం అచ్చు వేశాడు. మధ్యలో మూలం, ఒక పక్క రాషీ, ఇంకో పక్క తోసఫోత్. ఆయన వేసిన ఆకుల లెక్కే ఈ రోజుకీ నడుస్తోంది. ఎవరి పుస్తకం తీసినా 22వ ఆకు రెండో పక్క అంటే అదే పక్క. ఆవిడ చేతిలో అన్నయ్య దగ్గర అడిగి తెచ్చుకున్న విల్నా నగరంలో వేసిన పెద్ద సైజు అచ్చు, నా చేతిలో కొత్త సంపుటం, ఇద్దరి వేలూ ఒకే వరస మీద.

వీడియోలో మొదటి రోజే గొడవ పడ్డాం, ఎంత హాయిగా అనిపించిందో. చెల్లాచెదురుగా పడిన నాణేలు దొరికినవాడివే అంటుంది మిష్నా. పోగొట్టుకున్నవాడికి పోయిన సంగతే ఇంకా తెలియకపోవచ్చు కదా, తెలియకుండా ఆశ ఎలా వదులుకుంటాడు? దానికి రబ్బీ యిత్సహాక్ పేరుతో వచ్చే జవాబు: మనిషి మాటిమాటికీ డబ్బు సంచీ తడిమి చూసుకుంటాడు, కాబట్టి తెలిసిపోతుంది. "ఎవరు చూసుకుంటారు? నా షాపులో చిల్లర కౌంటర్ మీద మర్చిపోయి, వారం తర్వాత కూడా అడగడానికి వచ్చేవాళ్లు కాదు" అన్నారు ఆవిడ. విజయవాడ బస్టాండులో ఒక గంట నిలబడి చూడమన్నాను. మా నాన్న జీతం రోజున బస్సు ఎక్కితే లోపలి జేబు మీద నుంచి చెయ్యి తీసేవారు కాదు. "అయితే చట్టం మీ నాన్నని చూసి రాసిందా, నా ఖాతాదారుల్ని చూసి రాసిందా?" అని ఆవిడ. రెండు తడుములాటల మధ్య ఎవరైనా ఆ నాణెం తీసుకుంటే అప్పుడేమిటి అని నేను. అబ్బయే, రవా అనే పండితులిద్దరూ కొట్లాడుకునేది సరిగ్గా ఇక్కడే. తెలియని నష్టం మీద ఆశ వదిలినట్టు లెక్కేయలేం అంటాడు అబ్బయే. తెలిస్తే ఎలాగూ వదిలేసేవాడే కాబట్టి ఇప్పుడే లెక్కేయొచ్చు అంటాడు రవా. ఇద్దరూ ఎదురుపడే చోట్ల తీర్పు దాదాపు ఎప్పుడూ రవా వైపే ఉంటుంది, ఆరు చోట్ల మాత్రం అబ్బయే గెలుస్తాడు. అందులో ఇదొకటి. కానీ ఆ తీర్పు వచ్చేది 22వ ఆకు రెండో పక్కన. అంతవరకు మిష్నా జాబితాలోని వస్తువులు వరసగా సాక్ష్యానికి వస్తూ పోతాయి.

ఇంత పొగిడాక కొన్ని చెప్పకుండా దాటేయలేను. ఈ పద్ధతి చాలా నెమ్మది. రోజుకో ఆకు చదివేవాళ్లు గ్రంథాలు దాటేస్తుంటే మేము ఒక అధ్యాయంలో కాలాలు గడిపాం. తాల్ముద్ మొత్తం ఒకసారైనా కంటితో చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకి మా దారి పనికిరాదు, వాళ్లకి దఫ్ యోమీయే సరైనది. 2020 జనవరిలో యెరూషలేములో వేలమంది ఆడవాళ్లు కలిసి మొత్తం తాల్ముద్ ముగింపు పండుగ చేసుకున్నారు, వాళ్లు రోజుకో ఆకు చదివినవాళ్లే. ఆ ఫొటోలు మా ఇద్దరినీ కదిలించాయి. రెండోది, కొత్తవాళ్లిద్దరూ కలిసి ఒక తప్పు అర్థాన్నే ముచ్చటపడి పట్టుకు కూర్చునే ప్రమాదం ఉంది. అందుకే తరగతిలో చివర గురువు వచ్చి కూర్చునే ఆ కాస్త సమయం చాలా అవసరం. నేను ఇందాక పండితులు అక్కర్లేదన్నట్టు రాశాను. జతకి అక్కర్లేదు, పైన ఒకరు మాత్రం ఉండాలి. మూడోది, అభ్యంతరం చెప్పే చనువే ఒక్కోసారి గాయం చేస్తుంది. రేష్ లకీష్ కథ ముగిసిన తీరు చూడండి.

మాకు అలాంటి సాయంత్రం ఒకటి వచ్చింది, సన్హెద్రిన్ అనే గ్రంథంలో 59వ ఆకు దగ్గర. యూదుడు కానివాడు తోరా అధ్యయనం చేస్తే మరణశిక్షకి అర్హుడు అని అక్కడ ఉంది. ఆ మాట అన్నది ఎవరో కాదు, అభ్యంతరాలు చెప్పే నేస్తం కోసం మతి పోగొట్టుకున్న రబ్బీ యోహనానే. ఆవిడ ఆ భాగం దాటేద్దామన్నారు. మొహం ఎర్రబడింది. నాకు ముందే తెలుసని, చదివే కూర్చున్నానని చెప్పాను. పైకే చదివాం. గెమారా వెంటనే అడ్డు తగులుతుంది: తోరా చదివే అన్యుడు ప్రధాన యాజకుడితో సమానం అని మిష్నా కాలపు రబ్బీ మేయర్ అన్నాడు కదా? అది వాళ్లకి చెందిన ఏడు ఆజ్ఞల చదువు గురించి అని సర్దుతుంది. ఆ సర్దుబాటు నాకు పెద్ద ఊరట కాదు, ఆవిడకీ కాదు. అప్పుడు సోతా అనే గ్రంథంలో 20వ ఆకు తెరిచాం. కూతురికి తోరా నేర్పడం తండ్రి బాధ్యత అంటాడు బెన్ అజ్జాయ్. నేర్పినవాడు చెడు నేర్పినట్టే అంటాడు రబ్బీ ఎలియేజర్. ఆవిడ పుట్టింట్లో నడిచింది రబ్బీ ఎలియేజర్ మాటే. తలుపు వెనక నుంచి విన్న నా తర్కం గురించి ఆ రోజే ఆవిడకి మొదటిసారి చెప్పాను. ఆ పుస్తకం ఈ బల్ల దగ్గర మా ఇద్దరికీ కుర్చీ వేయలేదు. వేసిన వాళ్లు వేరే, ఈ కాలం వాళ్లు. అది మర్చిపోకుండానే చదువుతున్నాం. ఇప్పటికీ నాలాంటివాళ్లకి పాఠం చెప్పని గురువులు ఉన్నారు, ఆ కారణం గౌరవించాల్సిందే అనుకుంటాను. చేరే ముందే మీరెవరో చెప్పి అడగండి.

కాబట్టి ఎవరైనా చదవొచ్చా అంటే, నా వీలు వేరని ముందే చెప్పాలి. పది నిమిషాల దూరంలో హైలాండ్ పార్క్ ఉంది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, సాయంత్రాలు నావి. ఇవేవీ లేని రోజుల్లో మొదలుపెట్టి ఉంటే నెల తిరక్కుండా వదిలేసేదాన్నేమో. హైదరాబాదులోనో గుంటూరులోనో ఉండి చదవాలంటే జత మనిషి అమెరికాలో ఉన్నా వాళ్ల సాయంత్రం మీకు తెల్లవారుజాము, అది ఎంతకాలం సాగుతుందో మీ నిద్రని బట్టి ఉంటుంది. జత మనిషి యూదుడే కావాలన్న నియమం ఏమీ లేదు. ఇద్దరు తెలుగువాళ్లే కూర్చోవచ్చు. కాకపోతే సబ్బాతు, ద్రాక్షరసం, పండుగ గుడారం లాంటి విషయాలు వచ్చినప్పుడు ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి చెప్పే చిన్న మాట పది వ్యాఖ్యానాల పెట్టు. భక్తి కోసం వెతుక్కునేవాళ్లకి ముందు కీర్తనల దగ్గర మొదలుపెట్టమనే చెబుతాను. వాదన అంటే ఇష్టం ఉండి, ఓడిపోయినా మర్నాడు మళ్లీ వచ్చి కూర్చోగలిగితే బావా మెత్సియా రెండో అధ్యాయంతో మొదలుపెట్టండి, దానికి ముందు తెలిసి ఉండాల్సింది ఏమీ లేదు. జత వెతుక్కునేటప్పుడు ఎంత చదివారని చూడకండి. ఒక వాక్యం చదివి మీకు తోచింది చెప్పండి. వెంటనే తల ఊపితే ఇంకొకరిని చూసుకోండి.

మేము ఇప్పుడు మూడో అధ్యాయంలో ఉన్నాం, దాచిపెట్టమని ఇచ్చిన సొత్తు పోతే ఎవరిది బాధ్యత అన్న చోట. ఆవిడ మోకాలు బాగైంది, మంగళవారాలు మళ్లీ మా ఇంట్లోనే.